ఊర్ధ్వకోణం

మా నాయిన ఆటో ఆపి
గూట్లె ఫోను పెట్టేదాక
నాకు పొద్దు గూకనట్టే.

రాత్రి తొమ్మిదిన్నర.
డాటా ఆన్ చేస్తే
పొద్దటి నుంచి ఆగిన మాటలన్నీ
గిర్నీల పోసిన జొన్నల లెక్క
జలజల రాలుతయి.
నూట పద్నాలుగు.
గ్రూపు పేరు 'పదో తరగతి, బి సెక్షన్'.
పేరు పెట్టిన పర్వీన్
కింద చిన్నగ రాసింది:
గుడ్ మార్నింగులు పెట్టొద్దు, డాటా దండగ.

చందంపేట అవతలి తండాల
రోజాకు ఇంట్ల సిగ్నల్ లేదు.
మేకల్ని తోలుకొని పెద్దగుండు మీదికెక్కుతది.
అక్కడ రెండు గీతలొస్తయి,
గాలి మళ్లితే ఒకటి.
త్రికోణమితి మొత్తం మాకు
ఆమె గొంతుల్నుంచే వచ్చింది.
"సైన్ అంటే ఎదుటి భుజం బై కర్ణం...
హుర్ర్, దిగు, దిగు...
కర్ణం. రాసుకున్నరా?"
నా నోటుబుక్కుల ఆ పేజీ కాడ
ఇప్పటికీ ఒక మేక అరుస్తది.

బడి గేటుకు తాళం పడ్డనాడే
భిక్షపతి సారు జీతం బందైంది.
సారు కాలువ పూడిక తీసే పనికి పోతున్నడని
మాకెవరూ చెప్పలేదు.
శివలీల అడిగిన లెక్కకు
ఒకనాడు మిట్టమధ్యాహ్నం ఫొటో వచ్చింది:
తడిమన్నుల పార మొనతో గీసిన త్రిభుజం.
లంబం పక్కన కొలతకు
సారు చెప్పు.
ఎవ్వరం ఏం అనలేదు.
దండం బొమ్మలు కూడ పెట్టలేదు.
సారు మళ్ల తీసేస్తడేమోనని
అందరం దాచుకున్నం.

ఆఖరి లెక్క పుస్తకంలది కాదు.
"మీ సిగ్నల్ టవర్ ఎత్తెంతో
ఎక్కకుండ చెప్పుండ్రి" అన్నడు సారు.

కోణమానినికి దారం కట్టి
దారం కొసకు నాయిన ఆటో నట్టు ఏలాడదీసి
నేను కింది నుంచి చూసిన.
రోజా గుండు మీది నుంచి చూసింది.
నాకు ఊర్ధ్వకోణం ఒక్కటే,
ఆమెకు నిమ్నకోణం కూడ.
పర్వీన్ మూతికి దస్తీ కట్టుకొని
అడుగులతోని దూరం కొలిచింది.
లాక్‌డౌన్‌ల ఏడికని పోలీసులు ఆపితే
"లెక్క సార్" అన్నదంట.

నాకు ముప్పై ఒకటి మీటర్లు,
రోజాకు ఇరవై ఏడు.
గుండు ఎత్తు కలపలేదు నువ్వని నేను,
కలిపినకాన్నే చెప్తున్ననని ఆమె.
మూడు రోజులు కొట్లాట.

కొట్లాట నడుమ ఒక రాత్రి
శివలీల నుంచి ఒక్క మాట:
"మా తాత..."
ఆ మాట కింద చానాసేపు
ఎవరో రాస్తున్నట్టు చూపించింది,
ఏమీ రాలేదు.
నాలుగో నాడు ఆమెనే రాసింది:
"పర్వీన్ అడుగు చిన్నది.
దూరం మళ్ల కొలువుండ్రి."

అంతల్నే టీవీల చెప్పిండ్రు,
పరీక్షల్లేవు, అందరు పాస్.
గ్రూపు నిండ పటాకులు, లడ్డూలు.
దేవ్‌సింగ్ గ్రూపుల నుంచి తప్పుకున్నడు,
హైదరాబాదుల సెంట్రింగ్ పనికి పోయిండంట.
గుడ్ మార్నింగులు కూడ మొదలైనయి,
పర్వీన్ ఎవరినీ తిట్టలేదు.
నేను కూడ ఎగిరిన, అబద్ధమెందుకు?
పుస్తకాలు అటకెక్కినయి,
నట్టు ఆటోకెక్కింది.

రోజాకు నేను పెట్టిన "పాసైనం"
తొమ్మిది రోజులు
ఒక్క టిక్కు మీదనే నిలబడ్డది.

పదో రాత్రి
పదకొండు సెకండ్ల గొంతు.
ఎనక గాలి చప్పుడు.
మేకల చప్పుడు లేదు.
రెండోసారి ఇన్న, మూడోసారి ఇన్న,
ఒక్క మేకన్న లేదు.
అమ్మిండ్రా అని అడగబుద్ధి కాలే.
ఆమె చెప్పింది కూడ అది కాదు.
"పాస్ సరే గాని,
టవర్ ఎత్తెంతో తేలలే గద?"

తెల్లారి నాయినను నట్టు మళ్ల అడిగిన.
"పరీక్షల్లేవంటివి గద?"
"లేవు."
నా దిక్కు ఒకసారి చూసి
సీటు కింద ఎతికి
పానా తీసిండు.